నాము పడిన చేను

"ఆదివారం ఈ ఇంట్లో కొడవలి లేవకూడదన్నాను. లేవదు. అంతే."

"కొడవలి లేవకపోతే దాని కడుపు ఎట్టా నిండుద్ది? రాత్రి సగం కడుపుకే మేసింది. చూడితో ఉండే గొడ్డు."

"చేలో అంత పచ్చి కనపడతా ఉంటే మేత లేదంటావేంది? తోలితే దాని నోటితో అదే మేస్తది. మనం కోస్తే పని. అది మేస్తే పని కాదు."

"అది పచ్చి కాదు, నాము. కోసిన జొన్న మోళ్ళకి జల్లు పడి మొలిచి, మళ్ళీ ఎండకి వాడిన పిలక. పచ్చిగా గొడ్డు నోట పెట్టకూడదు. కోసి నాలుగు దినాలు ఎండేస్తే..."

"మళ్ళీ కోసేదే చెప్తావే!"

"కోయకుండా మేపితే చస్తది. చెప్తున్నా."

"నోరు ముయ్యి మే! గుడికి పోబోయే ముందు చావు మాటలా? జొన్నకూడు తినిన నోరు గదా, అట్టాగే వస్తాయి."

కొడవలి లేవకూడదన్నది మా నాయన. ఎదురు చెప్పింది మా అమ్మ. చివర నోరు ముయ్యమన్నది నాయన తల్లి, మా అవ్వ. నేను పంచలో దువ్వెన పట్టుకొని, నా జడ ఎప్పుడు అల్లుతారా అని కూర్చొని ఉన్నాను. పదేళ్ళు దాటినాయి నాకు. ఐదో తరగతి అయిపోయింది. ఆ మాటల్లో నా బతుకు కూడా ఉందని నాకప్పుడు తెలియదు.

ఇన్నేళ్ళూ ఈ సంగతి మింగి ఊరుకున్నాను. మొన్న మా మనవడు నెల్లూరు పోయి జొన్న విత్తనాల సంచి తెచ్చినాడు. గొడ్ల మేతకంట. ఒకసారి చల్లితే ఐదు కోతలంట, కోసేకొద్దీ పిలకలు పెడతానే ఉంటుందంట. "మంచిదే. నాము సంగతి చెప్పినాడా అంగడాయన?" అని అడిగినాను. "అదేంది నాయనమ్మా?" అన్నాడు. చెప్పినాను. లేత పిలక, అందులోనూ నీళ్ళు లేక వాడిన పిలక విషం, గొడ్డు తింటే గడియ నిలబడదు, నడుమెత్తు పెరిగిందాకా కొయ్యబాకు, వాడినదాన్ని పచ్చిగా వెయ్యబాకు అని విడమరిచి చెప్పినాను. వాడు నవ్వినాడు. "అదంతా మీ కాలం జొన్న నాయనమ్మా. ఇది వేరే రకం" అన్నాడు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. మా ఇంట్లోవాళ్ళు మా అమ్మ మొహం మీద ఆ నవ్వు నవ్వగా చూసినాను నేను. అందుకే రాస్తున్నాను. వాడికి ఓపిక ఉంటే చదువుకుంటాడు. లేకపోతే వాడి గొడ్లు, వాడి ఇష్టం.

మాది అల్లూరు పక్కన పల్లె. తూర్పున ఉప్పుకాలవ, దాని అవతల సరుగుడు తోపులు, ఆ పైన సముద్రం. పడమర చెరువు కింద వరి. వరి పండే ఊరికి ఒక పొగరు ఉంటది. మూడు పూటలా తెల్లకూడు తిన్నవాడే మనిషి అనుకొనే పొగరు. మా అమ్మ చిట్టమూరు అవతల మెట్ట పల్లె నుంచి వచ్చింది. వాళ్ళకి వరన్నం పండగ పూటే. జొన్న సంగటి, జొన్న రొట్టె, జొన్న గటక. ఆమె కాపరానికి వచ్చిన కొత్తలో అన్నం వద్దని సంగటి కెలుక్కుంటే, అవ్వ ఊరంతా తిరిగి చెప్పుకొచ్చిందంట. "మా కోడలికి గొడ్ల దాణా పెడితే చాలు, సంసారానికి బో కలిసొచ్చింది" అని. ఆ మాట నేను పుట్టినాక కూడా వినపడతానే ఉండేది.

అదే అవ్వ, అమ్మ చేసిన సంగటి ఎవరూ చూడకుండా వంటింటి మూలన కూర్చొని ఎండు రొయ్యల పులుసుతో లాగించడం నా కళ్ళతో చూసినాను. చూసినానని చెప్తే నా తొడ పిండింది.

నాయనకి ఊరికి ఉత్తరాన ఎకరం మెట్ట ఉండేది. ఇసక కలిసిన నేల, కంప పెరిగి ఊరికే పడి ఉండేది. అమ్మ దాన్ని కొట్టించి, దున్నించి, జొన్న వేయించింది. గింజ మీద ఆశతో కాదు, చొప్ప కోసం. వరిగడ్డి మేస్తే కడుపు నిండుద్ది గానీ ఒంటికి పట్టదు, చొప్ప మేస్తే పాలల్లో తెలుస్తది అనేది. కోసిన చొప్పని కట్టలు కట్టి, నిలబెట్టి ఆరబెట్టి, వామి వేసేది. ఆ వామి వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. పైన ఎండిన ఆకు వాసన, చెయ్యి లోపలికి దూరిస్తే బెల్లం పాకంలాంటి తీపి వాసన. వాన జల్లు పడితే ఆ రెండూ కలిసి పెరడంతా నిండేది.

కొన్ని చొప్పదంట్లు చెరుకు మాదిరి తియ్యగా ఉంటాయి. అవి ఏవో మాకు తెలుసు. కణుపు దగ్గర విరిచి, పళ్ళతో తోలు చీలిస్తే పెదిమలు కోసుకొని రక్తం వచ్చేది, అయినా మానేవాళ్ళం కాదు. గింజ పాలు గట్టిపడే రోజుల్లో కంకుల్ని మంట మీద కాల్చి, అరచేతుల్లో నలిపి, ఊదుకొని తినే ఊచబియ్యం ఉన్నాయే, ఆ రుచికి ఏ అంగట్లో మిఠాయీ సాటి రాదు. అమ్మ కంకులు లెక్క పెట్టుకొనేది. నేను ఒక్కో కంకి సగం సగం దొబ్బేదాన్ని. అట్టా అయితే తెలియదని. తెలిసేది. ఆమె ఊరుకొనేది.

గాట్లో కట్టి ఉండే ఎర్రావు అమ్మది. నేను పుట్టినప్పుడు మా తాత, అమ్మ నాయన, దాన్ని పెయ్యగా ఉన్నప్పుడే పలుపు పట్టుకొని మూడు దినాలు నడిపించుకొని వచ్చి ఇచ్చిపోయినాడు. ఇంట్లో పొయ్యి అవ్వది, ధాన్యం గుమ్మి నాయనది, మెట్ట చేను కూడా నాయనదే. అమ్మది అని చెప్పుకొనేదానికి ఉండింది ఆ ఆవు ఒక్కటే. ఎక్కువ పాలిచ్చే గొడ్డేం కాదు. అయితే అమ్మ గొంతు వింటే చాలు, పాలు చేపేది. వేరే వాళ్ళు చెయ్యి వేస్తే కాలు ఎత్తేది.

ఆ ఏడు అది చూడితో ఉండింది. ఎనిమిది నెలలు నిండినాయి. అమ్మ అప్పటికే అందరి ముందూ చెప్పేసింది. "అది ఈనితే ఆ పాలు నావి. ఆ పాలతో పిల్లని నెల్లూరులో ఆడపిల్లల బోర్డింగులో చదివిస్తా. ఎవరూ అడ్డం రాబాకండి" అని. నాయన కాదనలా. "నీ ఆవు, నీ పాలు, నీ ఇష్టం" అన్నాడు. నాయన నోట అంత మంచి మాట వినడం నాకు అదే మొదలు. నా పరికిణీలు రెండు ఉతికి, మడిచి, రేకు పెట్టెలో పెట్టి, రోజుకొకసారి తీసి చూసుకొనేదాన్ని.

ఆ ఏడు కోతల్లో వాన పట్టుకొని వరిగడ్డి కుప్పలోనే మురిగిపోయింది. మేసేదానికి చొప్ప వామి ఒక్కటే దిక్కయింది. అమ్మ ఎంత పొదుపు చేసినా ఎండలు ముదిరేసరికి వామి అడుగు కనపడింది. ఇక నేను కాలవ గట్టున గడ్డి కోసుకొని రావాలి. అప్పుడే, కాలం కాని కాలంలో, రెండు జల్లులు పడినాయి. మెట్ట చేలో కోసిన జొన్న మోళ్ళకి పిలకలు లేచినాయి. జానెడు, జానెడున్నర. ఆ తర్వాత చినుకు లేదు. పిలకలు చుట్టుకుపోయి వాడినాయి. దూరం నుంచి చూస్తే మాత్రం పచ్చగానే కనపడేవి.

అమ్మ వాళ్ళ పల్లెలో నాము పడిన చేనికి నాలుగు మూలలా కర్రలు పాతి వేపమండ కడతారంట. ఊళ్ళో ఎవరి గొడ్డూ దారి తప్పి దిగకుండా ఆనవాలు. అమ్మ అట్టాగే కట్టింది. మా వరి ఊళ్ళో వాళ్ళకి అది కొత్త. చేని పక్కనే పోతా పోతా నవ్వినారు. "ఏమ్మా, జొన్న మోళ్ళకి జాతర చేస్తున్నావా?" అని. నాయన ఆ నవ్వు విని వచ్చి, ఇంట్లో నవ్వినాడు. అవ్వ నవ్వింది. నేనూ నవ్వినాను. దాచుకొనేది ఏముంది, నవ్వినాను.

ఇక ఆదివారం సంగతి. మేము క్రైస్తవులం. మా గుడి తాటాకు కప్పు, ఇసక నేల. చాపలేసుకొని కూర్చొనేది. వాక్యం చెప్పే పాస్టరుని అయ్యగారు అనేవాళ్ళం. ఆదివారం పొద్దున కొబ్బరినూనె వాసన, గంజి పెట్టిన పంచెల వాసన, కప్పు మీంచి వచ్చే ఎండు తాటాకు వాసన. నాకు ఆ గుడంటే ప్రాణం. ఇప్పటికీ ఆదివారం నేను ఇంట్లో కూర్చోను. నా కోపం దేవుడి మీద కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

ఆ ఏడే నాయనని సంఘపెద్దగా నిలబెట్టినారు. ఎక్కడో కూటాలకి పోయి వచ్చినాడు. అక్కడ ఎవరో పెద్ద బోధకుడు ఆదివారం పని చెయ్యకూడదని గట్టిగా చెప్పినాడంట. వచ్చినకాడినుంచి మా ఇంట్లో చట్టం. ఆదివారం నాగలి లేదు, కొడవలి లేదు, పార లేదు. మంచిదే. అయితే పొయ్యి ముట్టించేది పని కాదు. బావినుంచి నీళ్ళు మోసేది పని కాదు. పేడ ఎత్తేది, అంట్లు తోమేది, వచ్చినవాళ్ళకి వండి వార్చేది పని కాదు. అవి ఆడవాళ్ళవి గదా, లెక్కలోకి రావు. ఆవు మేత కోసేది కూడా ఆడవాళ్ళమే. మరి అది ఎట్టా పనయింది? ఎట్టా అయిందంటే, చేనూ కాలవ గట్టూ రోడ్డు పక్కన ఉన్నాయి. కోస్తే గుడికి పోయేవాళ్ళకి కనపడుద్ది. వంటిల్లు కనపడదు. ఇది తెలుసుకొనేదానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

అందుకని ఆదివారం మేత శనివారమే కోసి పెట్టుకోవాలి. ఆ పని నాది. ఆ శనివారం సాయంత్రం కొడవలీ గోనెపట్టా ఇచ్చి అమ్మ నన్ను కాలవ గట్టుకి పంపింది. "రెండు మోపులు తేవాలి మే. రేపటికి కూడా" అని చెప్పే పంపింది. గట్టున తాటిచెట్ల కింద మా ఈడు పిల్లలు ముంజలు కొట్టించుకొని ఉన్నారు. నేను కొడవలి పక్కన పారేసి కూర్చున్నాను. బొటనవేలు పెట్టి ముంజ పొడిస్తే నీళ్ళు మొహాన చిమ్మేవి. పొట్ట పట్టనన్ని తిన్నాను. తినేసిన బురికాయలకి పుల్ల గుచ్చి బండ్లు చేసుకొని దొర్లించినాము. చూసేసరికి పొద్దు కుంకింది. దొరికింది పీక్కొని, సగం మోపు నెత్తిన పెట్టుకొని ఇల్లు చేరినాను.

అమ్మ మోపు చూసింది. నా మొహం చూసింది. నా గౌను మీద ముంజనీళ్ళ మరకలు చూసింది. "సరేలే" అని, ఉన్నది ఆవుకి వేసింది. కొట్టి ఉంటే బాగుండేది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో, కొట్టి ఉంటే బాగుండేది అని.

ఇదీ ఆ పొద్దున గొడవకి ముందు జరిగింది. అవ్వ నోరు ముయ్యమన్నాక అమ్మ నిజంగానే నోరు ముయ్యలా. ఇంకొక్క మాట అనింది. "పోనీ నేను పోయి కాలవ గట్టున రెండు పిడికిళ్ళు పీక్కొస్తా. కొడవలి పట్టను. చేత్తోనే పీకుతా."

"అందరూ గుడికి వస్తా ఉంటే, సంఘపెద్ద భార్య గడ్డి పీకతా ఉందా? నా తల ఎక్కడ పెట్టుకోమంటావు?" అన్నాడు నాయన. ఆ తర్వాత నా వైపు తిరిగినాడు. "నువ్వు లెయ్యి. ఆవుని మెట్ట చేలోకి తోలు. గట్టు మీద కూర్చొని చూసుకో. అయ్యగారు వాక్యం మొదలుపెట్టేలోగా గుడికి వచ్చెయ్."

నేను అమ్మ వైపు చూసినాను. అమ్మ నాయన వైపు చూస్తా ఉంది. ఆయన పంచె కుచ్చిళ్ళు సర్దుకుంటా ఉన్నాడు.

"వద్దు మే" అనింది అమ్మ నాతో, మెల్లిగా.

"తోలు!" అన్నాడు నాయన.

పదేళ్ళ పిల్ల ఎవరి మాట వినాలి? నాకు ఇంకో భయం కూడా ఉండింది. ఇంకాసేపు నిలబడితే నిన్న మోపు సగమే ఎందుకు తెచ్చినావని ఎవరన్నా అడుగుతారని. అందుకని గబగబా పలుపు విప్పినాను. అదీ నిజం.

చేని మూలన కర్రకి కట్టిన వేపమండ ఎండి గలగలమంటా ఉంది. దాని పక్కనుంచే ఆవుని దించినాను. ఆకలి మీద ఉన్న గొడ్డు. తల ఎత్తకుండా మోడు మోడుకీ పోయి పిలకలు కొరుక్కొని తినింది. కరకరా శబ్దం వినపడతా ఉంది. గట్టు మీద కూర్చొని చూస్తా, "ఏం కాలేదే! అమ్మది అంతా భయమే" అనుకున్నాను. గుళ్ళోనుంచి పాట మొదలైంది. లేచి పోదామా అనుకుంటా ఉండగా కరకర ఆగిపోయింది.

ఆవు తల ఎత్తింది. ముందు కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి నిలబడింది. నోట్లోంచి నురగ. డొక్కలు ఎగిరెగిరి పడతా ఉన్నాయి, పరిగెత్తి వచ్చినదాని మాదిరి. నేను "ఎర్రీ, ఎర్రీ" అంటా దగ్గరికి పోయినాను. నా మీదికి ఒరగబోయింది. తప్పుకున్నాను. మోకాళ్ళ మీద పడింది. తర్వాత పక్కకి ఒరిగింది. కడుపు లోపల దూడ తన్నడం పైకి కనపడింది నాకు.

పరిగెత్తినాను. పాట అయిపోయి ప్రార్థన జరుగుతా ఉంది. అందరూ కళ్ళు మూసుకొని ఉన్నారు. ప్రార్థన చేసేది నాయనే. నేను ఆడవాళ్ళ పక్క దూరి అమ్మ భుజం పట్టుకొని ఊపినాను. "అమ్మా, ఆవు పడిపోయింది." మెల్లిగా చెప్పాలనుకున్నాను గానీ గొంతు గట్టిగానే వచ్చింది. గుడంతా వినపడింది. అమ్మ లేచి పరిగెత్తింది. నాయన కళ్ళు తెరిచినాడు. నేను చూసినాను, తెరిచినాడు. మళ్ళీ మూసుకొని ప్రార్థన సాగించినాడు. గొంతు కూడా వణకలా.

అమ్మ దారిలో ఇంట్లోకి దూరి బెల్లంముద్ద, చెంబు, వెదురు గొట్టం తెచ్చింది. బెల్లం నీళ్ళు కలిపి గొట్టంతో గొంతులో పోసింది. పోసింది పోసినట్టే పక్కనుంచి కారిపోయింది. మజ్జిగ తెమ్మంటే ఇంకోసారి పరిగెత్తినాను. నేను మజ్జిగ ముంతతో వచ్చేసరికి అమ్మ ఆవు తల ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉంది. ముంత వైపు చూడలా. "కడుపు మీద చెయ్యి పెట్టు మే. కదలతా ఉందేమో చూడు" అనింది. పెట్టినాను. చాలాసేపు పెట్టినాను. కదలలా.

గుడి వదిలినాక అందరూ చేని గట్టున చేరినారు. వేపమండ చూసి నవ్వినవాళ్ళే, "అయ్యయ్యో, నాము గదమ్మా, చెప్పినావు గదా" అన్నారు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆమె ఏడుపు దొంగ ఏడుపు అని చెప్పను. నాయన వచ్చి ఆవు చుట్టూ ఒకసారి తిరిగినాడు. గొయ్యి తియ్యాలి గదా అని ఎవరో పారకోసం పోబోతే, "ఈ రోజు వద్దు. రేపు చూస్తాం" అన్నాడు. పార ఎత్తితే పని గదా. దాని మీద తాటాకులు కప్పించినాడు. అంతే.

సాయంత్రం గుళ్ళో చిన్న ప్రార్థన ఉంటది. నాయన లేచి మా ఇంటి నష్టం గురించి చెప్పినాడు. అందరూ తలలు వంచుకొని విన్నారు. "పిల్ల ఏమరపాటున తోలింది. చిన్నది, తెలియక చేసింది. దాన్ని ప్రభువు క్షమించాలని మీరంతా ప్రార్థన చెయ్యండి" అన్నాడు.

అందరూ నాకోసం ప్రార్థన చేసినారు. నా తల మీద చెయ్యి పెట్టి మరీ చేసినారు. నేను నోరు తెరవలా. "నువ్వే తోలమన్నావు గదా నాయనా" అనే మాట నాలిక చివర ఉండింది. సగం మోపు గుర్తొచ్చి ఆగిపోయింది. ఆయన చేసిన తప్పు నా మీద వేస్తా ఉంటే, నా తప్పు నా నోరు కట్టేసింది. అమ్మ నా పక్కనే ఉంది. ఆమె తల వంచలా, కళ్ళు మూసుకోలా. నాయన వైపే చూస్తా కూర్చుంది.

ఆ ఎండాకాలం అయిపోయినాక బోర్డింగుకి పోయేవాళ్ళు పోయినారు. నేను పోలా. నన్ను పంపమని అడిగేదానికి అమ్మ చేతిలో ఏమీ లేదు. ఐదో తరగతితో సరి. ఇప్పుడు రాస్తా ఉంటే ఎన్ని చోట్ల ఆగి, ఈ అక్షరం ఇట్టానా అట్టానా అని వెతుక్కుంటున్నానో నాకు తెలుసు. నాయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికినాడు. మంచి పెద్దమనిషి అని పేరు తెచ్చుకున్నాడు. ఆయన చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చొని గంజి తాపినదాన్ని నేనే. ఒక్కసారి ఆ ఆవు మాట ఎత్తుతాడేమో అని చూసినాను. ఎత్తలా. అడగాల్సింది నేను. అడగలా. ఆ కోపం ఆయనతో పాటు పోలేదు. నా దగ్గరే ఉంది. ఎండిన మేత మాదిరి, ఎన్నేళ్ళయినా చెడిపోకుండా ఉంది.

ఆవు పోయిన మర్నాడు, సోమవారం పొద్దున, అయ్యగారు మా ఇంటికి పరామర్శకి వచ్చినాడు. ఊరికి ఆ చివర, గుడి పక్కన రెండు గదుల ఇల్లు ఆయనది. మెత్తటి మనిషి, చొక్కా గుండీ ఒకటి ఎప్పుడూ ఊడి ఉండేది. నాయన కుర్చీ వేసినాడు. అవ్వ కాఫీ తెచ్చి ఇచ్చింది. నాయన మళ్ళీ అదే చెప్పినాడు. పిల్ల ఏమరపాటు అని.

అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. అయ్యగారి ముందు ఆమె ఎప్పుడూ నోరు విప్పి ఎరగదు.

"పిల్ల తోలలా అయ్యగారూ. ఈయన తోలమన్నాడు. నేను వద్దన్నాను. ఆదివారం మేత కోస్తే పాపమన్నాడు. చేత్తో పీకుతానంటే నా తల ఎక్కడ పెట్టుకోవాలన్నాడు."

అవ్వ "లోపలికి పో మే" అనింది. అమ్మ కదలలా.

అయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టినాడు. నాయన వైపు తిరిగినాడు. ఆయన గొంతులో కోపం లేదు, వింత ఉంది.

"కట్టేసిన గొడ్డుకి మేత వేస్తే పాపమని నీకు ఎవరు చెప్పినారు? మా మేకకి నిన్న కోడి కూయకముందే పోయి నేనే రెండు మోపుల మండలు కొట్టుకొచ్చినాను. వారం వారం అంతే. నోరులేనిది ఆదివారమని ఆకలి ఆపుకొంటదా?"

నాయన నేల చూపు చూస్తా కూర్చున్నాడు. అయ్యగారు లేచి, నా తల మీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో పెట్టకుండా, వస్తానమ్మా అని అమ్మతో చెప్పి వెళ్ళిపోయినాడు.

నాయన కొంతసేపటికి లేచి పలుగూ పారా తీసుకొని చేలోకి పోయినాడు. ఎవరినీ సాయం పిలవలా. ఇసక నేల, తవ్వేకొద్దీ పక్కలు జారి పూడిపోతా ఉండింది. మధ్యాన్నం దాకా తవ్వినాడు. నీళ్ళ చెంబు తీసుకొని పో మే అని అవ్వ నాతో అనింది. నేను అమ్మ వైపు చూసినాను. అమ్మ బియ్యం చెరుగుతా ఉంది, తల ఎత్తలా.

నేను నీళ్ళు తీసుకొని పోలా.